పేలని గుంత

మూడో ట్యాంకు వీపుకెత్తుకుని ప్రేమదాసు బస్టాండు వెనక గోడ మొదలుపెట్టేసరికి ఆరున్నర దాటింది. పదహారు లీటర్ల ట్యాంకు అది. నిండుగా ఉన్నంతసేపు పట్టీలు భుజాలను కోస్తాయి. సగమయ్యాక లోపలి నీళ్లు అటూ ఇటూ ఊగి నడుము పట్టేస్తుంది. ఎడమచేత్తో లీవరు కొట్టాలి, కుడిచేత్తో గొట్టం తిప్పాలి, గోడను కింది నుంచి ఛాతీ ఎత్తు దాకా తడుపుకుంటూ పక్కకు జరగాలి. ఎండెక్కాక అయిదు నిమిషాల్లో గోడ ఆరిపోతుంది. దాని మీద ఏది చచ్చిందో ఏది బతికిందో గోడకూ తెలియదు, ప్రేమదాసుకూ తెలియదు. ఏడాదికి పైగా అదే పని.

మే నెల. రెండోసారి వచ్చిన కరోనా మొదటిదాన్ని మరిపించింది. పన్నెండు దాటితే కర్ఫ్యూ కాబట్టి జగ్గయ్యపేట జనమంతా పొద్దున్నే సంచులు పట్టుకుని రోడ్డు మీద పడుతున్నారు. ప్రేమదాసు వస్తుంటే పక్కకు తప్పుకుని దారి ఇస్తారు. నిరుడు ఇదే బస్టాండులో అతనికి శాలువా కప్పి పూలు చల్లారు. ఈ ఏడు ఆ ఓపిక ఎవరికీ లేదు. టీకొట్టు అతను మాత్రం తన పాత హాస్యం వదల్లేదు.

"ఏం దాసూ, పొద్దున్నే మందు కొట్టేశావా?"

"రెండు కొట్టా. ఇది మూడోది."

టీకొట్టు ముందున్న నలుగురూ నవ్వారు. ప్రేమదాసు కూడా నవ్వాడనే అనుకున్నారు. మాస్కు ఉన్నప్పటి నుంచి అతనికి నవ్వే శ్రమ తప్పింది.

నలభై ఎనిమిదేళ్ల అతని జీవితాన్ని నిజానికి ఆ రెండు ముక్కల్లోనే చెప్పేయొచ్చు. మందు కొట్టాడు. పదిహేనేళ్ల వయసులో వీరులపాడు పక్క పత్తిచేలల్లో పురుగుమందు కొట్టాడు, ఆ తర్వాత మిరపతోటల్లో కొట్టాడు. మునిసిపాలిటీలో కాంట్రాక్టు మీద చేరి పద్దెనిమిదేళ్లు కాలవల్లో దోమల మందు కొట్టాడు. పెళ్లిచూపులప్పుడు చందర్లపాడులో సూసన్ వాళ్ల నాన్న "అబ్బాయి ఏం చేస్తాడు?" అని అడిగితే, వెంట వెళ్లిన చుట్టం ఒకాయన "మందు కొడతాడండి" అని సూటిగా చెప్పి సంబంధం దాదాపు చెడగొట్టాడు. తాగడం గురించి కాదని నచ్చజెప్పడానికి పాస్టరు గారు రావలసి వచ్చింది. ఇన్నేళ్ల మందుకు అతని వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయి గీతలు అరిగిపోయాయి. హాజరు మిషను అతని వేలిముద్ర తీసుకోదు. "నువ్వు నువ్వేనని ఇది ఒప్పుకోటం లేదు దాసూ" అని శానిటరీ మేస్త్రి బేబి రోజూ పెన్నుతో హాజరు వేస్తుంది.

ఇంట్లో తండ్రి కూడా ఒప్పుకోవడం మానేసి పది నెలలు కావస్తోంది.

తండ్రి పేరు నెహెమ్యా. డెబ్బై ఆరేళ్లు. సున్నపురాయి క్వారీలో ముప్పై నాలుగేళ్లు బ్లాస్టరుగా చేశాడు. రాతిలో వరసగా గుంతలు తొలిపించి, వాటిలో మందు కూరి, సైరన్ వేయించి, అందరూ షెల్టర్లోకి వెళ్లాక పేల్చే మనిషి. ఆయనకు మందంటే అదొక్కటే. నాలుగేళ్ల కిందట మతిమరుపు మొదలైంది. బెజవాడ డాక్టరు దానికి డిమెన్షియా అని పేరు పెట్టాడు. పక్కింటి లూర్దమ్మ చాదస్తం అని పెట్టింది. ఏ పేరు పెట్టినా మొదటి మూడేళ్లు మనిషి బాగానే నడిచాడు. పొద్దున టీకొట్టు, ఆ తర్వాత క్వారీ రోడ్డమ్మట గేటు దాకా నడక. గేటు దగ్గర వాచ్‌మన్ కాసేపు కూచోబెట్టి "డ్యూటీ అయిపోయింది మేస్త్రీ, ఇంటికెళ్లండి" అంటే బుద్ధిగా తిరిగొచ్చేవాడు. ఆదివారం చర్చిలో రెండో వరసలో ఆయన చోటు ఆయనకుండేది. ఆ కాస్తా ఆయన్ని నిలబెట్టిందని అవి పోయాక గాని ప్రేమదాసుకు తెలియలేదు. లాక్‌డౌన్ పెట్టిన రోజున టీకొట్టు, గేటు, చర్చి మూడూ ఒక్కసారే మూతపడ్డాయి.

మొదట కోడలి పేరు పోయింది. తర్వాత మనవరాలు మెర్లిన్ పేరు పోయింది. అందరూ మూతికి గుడ్డ కట్టుకుని కనపడుతుంటే, క్వారీలో దుమ్ముకు అలాగే కట్టుకునేవాళ్లు కాబట్టి, ఊరంతా డ్యూటీలో ఉందనుకున్నాడు. పోలీసుజీపు సైరన్ మోగితే చాలు, ఎవరూ చెప్పక్కర్లేకుండా లేచి లోపలికి వచ్చి గోడవార కూర్చునేవాడు. చుట్టుపక్కల వాళ్లంతా వాళ్ల ముసలివాళ్లను ఇంట్లో కూచోబెట్టలేక నానా తిప్పలు పడ్డారు. ప్రేమదాసుకు ఆ బాధ లేదు. లాక్‌డౌన్ ఎందుకో ఊళ్లో అందరికంటే నెహెమ్యాకే బాగా అర్థమైంది.

నిరుడు జూలైలో మాత్రం ఒకటి జరిగింది. వీధిలో అందరికీ ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేస్తున్నారు. తెల్లటి ప్లాస్టిక్ దుస్తుల్లో ముగ్గురు వచ్చారు. నెహెమ్యా తల తిప్పేశాడు, చెయ్యి విసిరాడు, ఒకతన్ని కొరకబోయాడు. ఇద్దరు చేతులు పట్టుకున్నారు. తల పట్టుకోమని ప్రేమదాసుకు చెప్పారు. పట్టుకున్నాడు. అయ్యాక ముసలాయన మంచం కిందికి పాకిపోయి రెండు రోజులు రాలేదు. పంచె తడుపుకుని అక్కడే పడుకున్నాడు. మంచం కింది నుంచి ఒక్క మాట అడిగాడు: "నన్నెందుకు పట్టిచ్చావురా దాసూ?"

ఆయన నోట దాసు అన్న పేరు అదే ఆఖరు. మూడోనాడు బయటికి వచ్చిన మనిషికి కొడుకు లేడు. క్వారీలో కొత్తగా చేరిన కుర్రోడొకడు ఇంట్లో తిరుగుతున్నాడు, అంతే.

బస్టాండు గోడ సగంలో ఉండగా జేబులో ఫోను మోగింది. గ్లౌజు తీసి చూస్తే ఆశా వర్కర్ రత్తమ్మ.

"అన్నయ్యా, మొన్న జ్వరమని తీసిన శాంపిల్లో పెదనాన్నకి పాజిటివ్ వచ్చింది. నీకు నెగటివే. ఇందాక మీ ఇంటికెళ్లి వేలికి మిషను పెట్టి చూసా. ఆక్సిజన్ ఎనభై ఆరే చూపిస్తంది."

"సిలిండరు దొరకదా?"

"ఎక్కడుంది అన్నయ్యా? నందిగామలో హాస్టల్లో పెట్టిన సెంటర్లో బెడ్ రాయించా. పన్నెండింటికి బండొస్తది."

"నేనూ ఎక్కొచ్చా?"

"తోడు మనుషుల్ని రానీరంట. అడిగా."

"ఆయనకి మతి లేదని చెప్పావా?"

"చెప్పా. రాసుకున్నారు."

ప్రేమదాసు గ్లౌజు తొడుక్కుని మిగిలిన గోడ పూర్తి చేశాడు. నాలుగో ట్యాంకు కూడా కొట్టాడు. తొమ్మిదింటికి బేబి దగ్గరికి వెళ్లి చెబితే ఆమె ఒక అడుగు వెనక్కి వేసి, వేసినందుకు నొచ్చుకుని, "పో దాసూ, ఇయ్యాళ్టికి హాజరు నేనేస్తాలే" అంది.

సూసన్ ఇంట్లో లేదు. కూతురు మెర్లిన్ కాన్పుకని ఆమెను తీసుకుని చందర్లపాడులో తన పుట్టింటికి వెళ్లి, అక్కడ పసిగుడ్డును వదిలి రాలేక ఉండిపోయింది. పొద్దున పూట లూర్దమ్మే తన గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీసుకుంటూ ముసలాయన మీద ఒక కన్నేసి ఉంచేది. ఇప్పుడామె గుమ్మం తలుపు సగం వేసి ఉంది.

"గంజి కాచి గోడ మీద పెట్టా తమ్ముడూ," అంది లోపల్నుంచి. "ఏమనుకోబాక. నాకు షుగరుంది."

"ఏమనుకుంటా అక్కా."

దొడ్లో పంపు కింద స్నానం చేసి, బట్టలు మార్చి, కొత్త మాస్కు కట్టుకుని లోపలికి వెళ్లాడు. నెహెమ్యా మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. భుజాలు ఎగరేసి ఊపిరి తీసుకుంటున్నాడు. ఛాతీ మీద తెల్లవెంట్రుకలు చెమటకు అంటుకుపోయాయి. ఎడమచేతికి రెండు వేళ్లు సగం దాకానే ఉంటాయి. అవి పోయిన కథ ఆయన ఎన్నోసార్లు చెప్పేవాడు, ఒక్కోసారి ఒక్కోరకంగా. కొడుకును చూసి కళ్లు చికిలించాడు.

"ఎంత పెట్టారు మందు?"

"పదహారు, మేస్త్రీ."

లీటర్లని ప్రేమదాసు ఎప్పుడూ అనలేదు. తండ్రిని నాన్నా అని పిలిస్తే ఆయన చుట్టూ చూసి కంగారుపడతాడు. మేస్త్రీ అంటే పలుకుతాడు. అందుకని పది నెలలుగా ప్రేమదాసు కన్నతండ్రిని మీరనీ మేస్త్రీ అనీ పిలుస్తున్నాడు. మొదట్లో నోరు తిరిగేది కాదు, ఇప్పుడలవాటైంది.

"పదహారు గుంతలా. అన్నీ పేలినయ్యా?"

"పేలినయ్."

"చప్పుళ్లు లెక్కపెట్టావా?"

"పెట్టా."

"ఒకటి తక్కువొస్తే ఏం జేస్తావ్?"

"మీకు చెప్తా."

"ఆఁ." ప్రేమదాసు అందించిన గంజి గ్లాసు పట్టుకున్నాడు. "పేలని గుంత కాడికి... బ్లాస్టరు ఒక్కడే పోవాల. రెండోవాడు పోగూడదు. మందు లోపలుంటది. ఎప్పుడు లేస్తదో తెలవదు."

ఈ ప్రశ్నలూ జవాబులూ రోజూ ఉండేవే. ఇద్దరికీ మధ్య మిగిలిన మాటలు ఇవే. క్వారీలో అలా పేలకుండా మిగిలినప్పుడల్లా నెహెమ్యా ఒక్కడే నడిచి వెళ్లి దాన్ని తీసేసి, చెయ్యి ఊపి మిగతావాళ్లను రమ్మనేవాడు. ఎన్నిసార్లు వెళ్లాడో ఆయన ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. అన్నీ పేలాయని చెబితే ఆయన ముఖం తేరుకుంటుంది. అందుకని ప్రేమదాసు ప్రతిరోజూ అన్నీ పేలాయనే చెప్పాడు. ఆయన దగ్గర అబద్ధమాడటం అలవాటైనా, ఒకటి పేలలేదన్న అబద్ధం మాత్రం ఏనాడూ ఆడలేదు.

నాలుగు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు ముసలాయన. ప్రేమదాసు తడిగుడ్డతో ఆయన మెడా వీపూ తుడిచాడు. ఈ జ్వరం ఎవరు తెచ్చారు? ఊరంతా తిరిగొచ్చేది తనొక్కడే. తనకు నెగటివ్ వచ్చింది గాని, పోయిన వారం రెండు రోజులు ఒళ్లు నొప్పులుగా ఉంటే డోలో వేసుకుని పనిలోకి వెళ్లాడు. ఆ సంగతి రత్తమ్మకు చెప్పలేదు. చెబితే మాత్రం ఇప్పుడేముంది. ఈ ఆలోచన వచ్చినప్పుడు ఏడవాలనిపించింది, ఏడుపు రాలేదు. ఒక సంచిలో రెండు పంచెలు, తువ్వాలు, మతిమరుపు మాత్రలు సర్దాడు. సర్దుతున్నంతసేపూ ఒకటే కోరుకున్నాడు. పట్టుకుని, కట్టేసి తీసుకెళ్లకుండా ఉంటే చాలు. ఆ మంచం కింది నుంచి మళ్లీ ఎవరూ ఏమీ అడగకుండా ఉంటే చాలు.

పన్నెండింటికి పోలీసుజీపు సైరన్ వేసుకుంటూ వెళ్లింది. వీధిలో తలుపులు పడ్డాయి. దాని వెనకే అంబులెన్సు వచ్చి ఇంటి ముందు ఆగింది. తెల్లటి దుస్తుల్లో ఇద్దరు దిగారు. వాళ్లూ అలిసిపోయి ఉన్నారు. ఆ ఎండలో ప్లాస్టిక్ లోపల వాళ్ల ముఖాలు ఉడికిపోతున్నాయి. ఒకతని చేతిలో మడతపెట్టిన దుప్పటి ఉంది.

"పెద్దాయన గొడవ చేస్తాడని రాసుంది," అన్నాడతను, తప్పు తనదైనట్టు. "అవసరమైతేనే చుట్టి కడతామండి."

వాళ్లను చూడగానే నెహెమ్యా మంచం దిగి నేల మీద చతికిలబడి, మంచంకోడు రెండు చేతులతో వాటేసుకుని ముందుకూ వెనక్కూ ఊగసాగాడు. ఊపిరి పైకి ఎగదన్నుతోంది. దుప్పటి మనిషి గడప దాటబోయాడు.

"ఒక్క నిమిషం ఆగండి," అన్నాడు ప్రేమదాసు.

తండ్రికి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఏం చెప్పాలో అప్పటిదాకా అనుకోలేదు. నోరు దానంతటదే అంది.

"మేస్త్రీ. పదహారు పెట్టాం. పదిహేనే పేలినయ్."

ముసలాయన ఊగడం ఆపేశాడు. కళ్లు మెల్లగా కొడుకు మీద నిలిచాయి. ఎన్నో నెలల తర్వాత ఆ కళ్లలో ఒక మనిషి కనిపించాడు.

"సరిగ్గా లెక్కపెట్టావా?"

"రెండుసార్లు."

"ఎంతసేపయింది?"

"అరగంట దాటింది."

"ఎవుడన్నా పోయాడా ఆడికి?"

"ఎవరూ పోలేదు. మీ కోసమే చూస్తన్నారు."

నెహెమ్యా చేతులు మంచంకోడును వదిలేశాయి. దాన్నే ఆనుకుని లేచాడు. పంచె బిగించి కట్టుకున్నాడు. గుమ్మంలోని తెల్లదుస్తులను చూసి "వీళ్లెవరు?" అన్నాడు.

"సేఫ్టీ వాళ్లు. జీపు తెచ్చారు."

"సరే." చొక్కా తొడిగించుకుని, జేబు మీద చెయ్యి పెట్టి ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. జేబులో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తీశాడు. ఇంటి ఫోన్ నంబరు రాసిన కాగితం, ఒక దువ్వెన, ఒక అగ్గిపెట్టె. బీడీ మానేసి ఏళ్లయిన మనిషి దగ్గరికి ఆ అగ్గిపెట్టె ఎలా వచ్చిందో ప్రేమదాసుకు తెలియదు. మూడూ కొడుకు అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

"మందు కాడికి పోయేటప్పుడు నిప్పు ఉండగూడదు," అన్నాడు ఊపిరి తీసుకుంటూ. "నీ కాడ ఉంచు. వచ్చి తీసుకుంటా."

ప్రేమదాసు కాగితం మాత్రం తిరిగి ఆ జేబులో పెట్టాడు. గుమ్మం దగ్గర నెహెమ్యా వెనక్కి తిరిగి చెయ్యి అడ్డంగా చాచాడు.

"నువ్వు ఈడనే ఆగు. నా యెనక ఎవరూ రాగూడదు."

గుమ్మం నుంచి బండికి పది అడుగులు ఉంటుంది. ఒక్కో అడుగూ ఆగి ఆగి వేశాడు గాని ఎవరినీ పట్టుకోనివ్వలేదు. మెట్టు మీద కాలు పెట్టి తనే ఎక్కాడు. లూర్దమ్మ తలుపు సందులోంచి చూస్తూ సిలువ గుర్తు వేసుకుంది. దుప్పటి మనిషి దుప్పటిని చంకలో పెట్టుకుని, "ఇంత చక్కగా ఎవరూ ఎక్కలేదండి. ఏం చెప్పారండి?" అని అడిగాడు.

"మందు గురించి," అన్నాడు ప్రేమదాసు.

"మందులన్నీ అక్కడే ఇస్తారు, మీరేం భయపడకండి," అన్నాడతను.

బండి వెళ్లిపోయింది. కట్టెయ్యలేదు. పట్టుకోలేదు. కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది. అయినా ప్రేమదాసుకు సిగ్గేసింది. ప్రాణానికి భయపడకుండా పోయిన మనిషిని ఆ ధైర్యంతోనే మోసం చేసి పంపానని అనిపించింది. సాయంత్రం మునిసిపాలిటీ ట్యాంకు తెచ్చుకుని తన ఇంటికి తనే మందు కొట్టాడు. మంచానికి కొట్టాడు, గోడకు కొట్టాడు, మంచం కింద కూడా కొట్టాడు. జేబులో ఉన్న అగ్గిపెట్టె తడుస్తుందని ముందే కిటికీ పైగూట్లో పెట్టాడు.

మర్నాటి నుంచి యథాప్రకారం పనిలోకి వెళ్లాడు. రెండోరోజు సాయంత్రం నందిగామకు ఫోను చేస్తే ఒక సిస్టరు ఓపిగ్గా మాట్లాడింది.

"ఆక్సిజన్ పెట్టామండి. గొడవేం చెయ్యట్లేదు. కానీ ఎవర్నీ దగ్గరికి రావొద్దంటున్నారండి. దూరం దూరం అని చేత్తో చూపిస్తున్నారు. వెనకాల మావాడు నిలబడి ఉన్నాడు, వాణ్ణి అసలు రానీయొద్దు అంటున్నారు."

ప్రేమదాసు చెవికి ఫోను గట్టిగా అదుముకున్నాడు. "మావాడు అన్నాడా అమ్మా, కుర్రోడు అన్నాడా?"

"ఏమోనండి," అంది సిస్టరు. "నలభై మంది ఉన్నారండి ఇక్కడ. ఆ మాట సరిగ్గా గుర్తులేదు."

నాలుగోరోజు పొద్దున కూరగాయల మార్కెట్టులో ఉండగా నందిగామ నుంచే ఫోను వచ్చింది. తెల్లవారుజామున నిద్రలోనే పోయాడని చెప్పారు. ప్రేమదాసు సరేనండి అన్నాడు. వీపు మీద ట్యాంకులో ఇంకా సగం ఉంది. మిగిలిన వరస అంతా తడిపి, ట్యాంకు ఖాళీ అయ్యాక దింపి బేబికి చెప్పాడు. ఆమె ఏడ్చింది. అతను ఆమెను ఊరుకోబెట్టాడు.

నందిగామ అవతల సమాధుల దొడ్డిలో గుంత లోతుగా తవ్వి ఉంచారు. తెల్లదుస్తుల్లో నలుగురు కుర్రవాళ్లు దింపారు. ఇరవై అడుగుల దూరంలో సున్నంతో గీత గీసి ఉంది. దాని ఇవతలే ఉండమన్నారు. పాస్టరు గారు ఫోను స్పీకర్లో ప్రార్థన చేశారు, మధ్యలో రెండుసార్లు సిగ్నలు పోయింది. ప్రేమదాసు గీత దాటలేదు.

పదిహేను రోజుల తర్వాత సూసన్ చందర్లపాడు నుంచి వచ్చింది. వచ్చీరాగానే ఇల్లు కడిగి, టీ పెడదామని పొయ్యి దగ్గరికి వెళ్లింది. లైటరు ఎన్నిసార్లు నొక్కినా అంటుకోలేదు. చుట్టూ చూసి, కిటికీ పైగూట్లోంచి అగ్గిపెట్టె తీసింది.

ప్రేమదాసు లేచి వెళ్లి ఆమె చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు.

"అది నాన్నది," అన్నాడు. "వచ్చి తీసుకుంటానన్నాడు."

సూసన్ అతని వైపు చూసింది. పక్కింటికి వెళ్లి లూర్దమ్మ నడిగి వేరే అగ్గిపెట్టె తెచ్చుకుంది.

కిటికీ పైగూట్లో ఆ పాత పెట్టె మళ్లీ ఎక్కడిది అక్కడే ఉంది. చెమటకు మెత్తబడి ఒక మూల నలిగింది, పక్కన రాసే మందు సగం అరిగిపోయింది, లోపల మూడు పుల్లలున్నాయి.